నిజాయితీ ధ్రువపత్రం

ఇళ్లు అమ్మిపెట్టే ఆ ఆఫీసులో అందరికంటే ఎక్కువ కష్టపడేది ఒక పుస్తకాల అల్మరా. ఆరడుగుల ఎత్తు, అడుగున నాలుగు చక్రాలు, అరల నిండా అట్టలే తప్ప లోపల కాగితాల్లేని పుస్తకాలు. ఏ ఇంట్లో గోడ చెమ్మపట్టిందని తెలిసినా అది వ్యానెక్కి అక్కడికి వెళ్లేది. ఇల్లు అమ్ముడయ్యేదాకా మచ్చకు అడ్డంగా నిలబడి, ఆ తర్వాత ఇంకో ఇంటికి బయల్దేరేది. ఇప్పటికి పదిహేడు ఇళ్లు అమ్మిపెట్టింది. పేరు మాత్రం బావగారికి వచ్చింది.

బావగారంటే తాళాలమ్మకు భర్త అన్నగారు, యజమాని, పైగా గురువు. ముగ్గురినీ ఒక్క మనిషిలో భరించడం మాటలు కాదు. ఇరవై రెండేళ్లు మిషన్ మీద బట్టలు కుట్టి కుట్టి, చివరికి సూదిలో దారం ఎక్కించడానికి కూడా పక్కింటివాళ్లను పిలవాల్సి వచ్చాక ఆవిడ ఈ ఆఫీసులో చేరింది. చేరిన మూడో రోజునుంచే నడుముకు ఊళ్లోవాళ్ల ఇళ్ల తాళాలన్నీ వేలాడుతుండేవి కాబట్టి ఆ పేరు పడింది. ఇల్లు కొనే పార్టీ రాకముందే వెళ్లి కిటికీలు తెరవడం, దీపాలు వెయ్యడం, అల్మరాను దాని చోట నిలబెట్టడం ఆవిడ పని. ఏజెంటు లైసెన్సు చేతికొస్తే తనే ఇళ్లు చూపించుకోవచ్చు, తనే అమ్ముకోవచ్చు. నలభై ఏడేళ్ల వయసులో, మసకబారిన కళ్లతో, ఆవిడకు మిగిలిన దారి అదొక్కటే.

దానికి పరీక్ష రాయాలి. పరీక్షకు కూర్చోవాలంటే, ఈ మనిషి ఆరునెలలు నా దగ్గర పని నేర్చుకుంది, నిజాయితీపరురాలు అని లైసెన్సున్న ఏజెంటు ఒకరు సంతకం పెట్టాలి. శుక్రవారం సాయంత్రం నాలుగింటితో గడువు ముగుస్తుంది.

పరీక్షకని ఒక పుస్తకం ఉంది. ఏజెంటు కాదల్చుకున్నవాళ్లు తెలుసుకోవాల్సిన చట్టం మాటలు, నీతి మాటలు అన్నీ అందులో ఉన్నాయి. తాళాలమ్మ భూతద్దం పెట్టుకుని ఒక్కోటీ పైకి చదివేది. బావగారు కుర్చీలో వెనక్కి వాలి అర్థం చెప్పేవారు.

"విశ్వాస బాధ్యత. తన లాభం కన్నా ముందు పార్టీ మేలు చూడటం."

"పార్టీకి మేలంటే ఏంటి? సొంతిల్లు. మనం కొనిపించేది అదేగా!"

"రెండు పక్షాల ఏజెన్సీ. అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ ఏజెంటు ఒక్కడే అయితే, ఆ సంగతి ఇద్దరికీ ముందే చెప్పాలి."

"చెప్తాం. ఒకళ్లకి ముందు చెప్తాం, ఇంకొకళ్లకి పనయ్యాక చెప్తాం."

"దాగిన లోపం. పైకి కనపడకపోయినా ఏజెంటుకు తెలిసిన లోపం. అడిగినా అడక్కపోయినా వెల్లడించాలి."

ఇక్కడ బావగారు పళ్ల మధ్య ఉన్న పుల్ల తీసి పక్కన పెట్టారు. "తెలిసిన లోపం అన్నాడు, చూశావా? అందుకే నేను ఓనర్లని ఏదీ అడగను. చట్టానికి నాకంటే మర్యాద ఇచ్చేవాడు ఈ ఊళ్లో ఉంటే చూపించు."

మంగళవారం ఒక రిటైరైన నర్సు ఇల్లు చూడటానికి వచ్చింది. వెంట భర్త ఉన్నాడు. నాలుగు మెట్లు ఎక్కి, గుమ్మం పట్టుకుని ఆగి, ఊపిరి కూడదీసుకుని గాని లోపలికి రాలేకపోయాడు. బావగారు ఇంకో పార్టీ దగ్గర ఇరుక్కుపోయి, "నువ్వే చూపించెయ్, ఎక్కువ మాట్లాడకు" అని ఫోన్లో చెప్పారు. నర్సు వంటగది సొరుగులు లాగి చూసింది, కుళాయిలు తిప్పి చూసింది, పడకగదిలో అల్మరా ముందుకొచ్చి ఆగింది.

"మా ఆయన మంచం ఇక్కడే వేస్తాను. కిటికీ దగ్గరగా ఉంటుంది. ఈ అల్మరా కూడా ఇంటితోపాటే ఇస్తారా?"

"లేదండీ, అది మా ఆఫీసుది."

"ఆఫీసుదా? మరి ఇక్కడెందుకుంది?"

గది నిండుగా కనపడటానికండీ, అనాలి. బావగారు నేర్పిన జవాబది, నాలుక చివర సిద్ధంగా ఉంది. కానీ ముందుగదిలో నర్సు భర్త దగ్గుతున్నాడు. ఆ దగ్గు ఎంతకీ ఆగడం లేదు. తాళాలమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఒక్క చేత్తో అల్మరాను తోసింది. అది, పాపం, ఎవరు తోసినా జరిగే రకం. వెనకాల గోడ నేలనుంచి భుజం ఎత్తుదాకా నల్లగా బూజుపట్టి, పెచ్చులూడి ఉంది.

"వానలు పడితే ఇంకా పైకి పాకుతుందండీ. మూడుసార్లు రంగేశారు, ఆగలేదు."

నర్సు గోడమీద వేలు ఆనించి చూసుకుంది. "చెప్పావు, అంతే చాలు తల్లీ" అని, భర్త చెయ్యి పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగింది.

కబురు తెలిసి బావగారు ఆఫీసు పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు.

"ఆయన దగ్గుతున్నారు బావగారూ!"

"దగ్గితే దగ్గనీ! మనం డాక్టర్లమా? నా కొంప ముంచావు కదే! ఇంత పని చేశాక నిన్ను నిజాయితీపరురాలని ఏ మొహం పెట్టుకుని రాయను? సంతకం లేదు, ఏం లేదు, పో!"

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. ఇంటికెళ్లి చెప్తే భర్త, "అన్నయ్యకి నేనేం చెప్పగలను?" అని పేపర్లో తలదూర్చాడు. అన్నదమ్ముల అనుబంధం అంత గట్టిది.

శుక్రవారం మధ్యాహ్నం తాళాలమ్మ ఆఫీసుకు వెళ్లి ఫారం బల్లమీద పెట్టింది.

"సంతకం పెట్టకపోతే మానెయ్యండి బావగారూ. వెనక పేజీ నింపండి, చాలు."

వెనక పేజీలో ఉన్నదిది: సంతకానికి నిరాకరించే ఏజెంటు, కారణం తన చేత్తో వివరంగా రాయాలి, దానిమీద లైసెన్సు కార్యాలయం విచారణ జరుపుతుంది. బావగారు తేలిగ్గా నవ్వి పెన్ను తీశారు. 'నమ్మకద్రోహం చేసింది' అని రాశారు. పక్కనే 'ఎవరికి? ఏ విధంగా?' అని అచ్చేసి ఉంది. కొట్టేశారు. 'ఆఫీసు సామాను అనుమతి లేకుండా జరిపింది' అని రాశారు. ఆ సామాను అక్కడెందుకుందని ఎవడైనా అడుగుతాడేమోనని తనకే అనుమానం వచ్చి, అదీ కొట్టేశారు. 'పార్టీకి అనవసరమైన నిజాలు చెప్పింది' అని రాసి, రెండుసార్లు చదువుకుని, కాగితం నాలుగు ముక్కలు చేశారు. తాళాలమ్మ సంచీలోంచి ఇంకో ఫారం తీసి ఇచ్చింది. మూడో ఫారం దగ్గరకొచ్చేసరికి ఆయనకు తలప్రాణం తోకకొచ్చింది. మూడుంపావుకు, ముందు పేజీలో, నిజాయితీపరురాలు అన్నమాట కింద సంతకం గిలికారు.

"తీసుకో. నువ్వు నిజాయితీ గలదానివే. నా ఖర్మ."

పెళ్లయ్యాక ఇన్నేళ్లలో ఆవిడకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. కళ్లొత్తుకుంది.

"ఆగాగు. కింద నీది కూడా ఉంది, చూసుకున్నావా?" అన్నారు బావగారు. పొద్దుటినుంచి మొదటిసారి ఆయన మొహం వికసించింది.

అట్టడుగున చీమతలకాయంత అక్షరాలు. ఫారం పదిసార్లు తిరగేసినా ఆ కళ్లకు ఆనలేదు. భూతద్దం పెట్టి చూసింది. నా గురువు నా ఎదుట ఏ లోపమూ దాచలేదు, దాచమని నాకు చెప్పలేదు, ఇది ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను.

"ఇది... ఇదెలా పెట్టను బావగారూ?"

"పెట్టకు. నీ ఇష్టం. పెట్టకపోతే ఈ ఆరునెలల శిక్షణ చెల్లదు, అంతే. ఇంకో ఏజెంటు దగ్గర మొదటినుంచీ మొదలెట్టుకో. సొంత బావగారినే పట్టించిన మనిషిని ఎవడు చేర్చుకుంటాడో నాకూ చూడాలనుంది. నేను రాసిందాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదమ్మా, గుండెమీద చెయ్యేసుకుని చెప్తాను."

అదీ నిజమే. మూడుంముప్పావుకు ఇద్దరూ లైసెన్సు కార్యాలయం కౌంటరు ముందు నిలబడ్డారు. తాళాలమ్మ సంచీలోంచి పెన్ను తీసింది, మూత పెట్టింది, మళ్లీ తీసింది. వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు. సంతకం పెట్టింది.

గుమాస్తా కళ్లజోడు సర్దుకుని ముందు బావగారి వాక్యం పైకి చదివాడు. చదివి, తలెత్తి, "నిజమేనా?" అని అడిగాడు. అడగడం అక్కడి నిబంధన.

బావగారు నీళ్లు నమిలారు. నుదుటిమీద చెమట పోసింది. "అంటే... అదీ... ఆ, నిజమేనండీ" అన్నారు. అలవాటు లేని పని కదా.

గుమాస్తా రెండో వాక్యం చదివి ఆవిడవైపు తిరిగాడు. "నిజమేనా?"

"నిజమేనండీ."

గొంతు వణకలేదు. కళ్లు దించుకోలేదు. ఇంత సులువుగా ఎలా వచ్చిందా అని ఆవిడకే భయం వేసింది, ఏడుపొచ్చింది, మింగేసింది. గుమాస్తా ఏ తేడా లేకుండా రెండు సంతకాలమీదా ఒక్కో ముద్ర గుద్దాడు.

బయటికొచ్చాక బావగారు తనే ముందు నడిచి ఆవిడకోసం కారు తలుపు తీసి పట్టుకున్నారు. ఆరునెలల్లో ఎప్పుడూ తీయలేదు.

"ఇకమీదట పార్టీలతో నువ్వే మాట్లాడమ్మా" అన్నారు, ఎంతో గౌరవంగా.