రెండు రోజుల కిరాయి ఇల్లు

దశరథ్ గాజు గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. నిమ్మకాయ సబ్బు వాసన. ఖాళీ చేసి పోయేవాళ్లు గ్లాసు కడిగిపెట్టారంటే అందులో ఏదో తాగే ఉంటారు, లేకపోతే ఊరికే ఎవరు కడుగుతారు? రెండో గ్లాసు కూడా చూశాడు. పరుపు ఎత్తాడు. బాత్రూం కిటికీ అంచు తడిమాడు. చెత్తబుట్టలోని చిప్స్ ప్యాకెట్లన్నీ బయటికి తీసి, విదిలించి, మళ్లీ లోపల వేశాడు. ఏమీ దొరకలేదు. ఏమీ దొరక్కపోతే అతనికి మనసున పట్టదు. దొరికితే కనీసం ఇదీ సంగతి అని తెలుస్తుంది.

కిష్టారెడ్డిపేటలోని ఆ అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు ఫ్లాటు అలేఖ్యది. ఆమె పుణెలో ఉద్యోగం చేసుకుంటూ, దీన్ని సెలవులకు వచ్చేవాళ్లకు రోజు కిరాయికి ఇస్తుంది. దొంగచాటు వ్యవహారం కాదు. లైసెన్సు తీసుకుంది, పోలీస్ స్టేషన్‌లో చెప్పింది, అసోసియేషన్ మీటింగులో నిలబడి అందరినీ ఒప్పించింది. సెక్రటరీ రామలింగేశ్వరరావు మాత్రం ఒప్పుకోలేక ఒప్పుకున్నాడు. ఒక్క ఫిర్యాదు వచ్చినా అనుమతి రద్దని తీర్మానంలో రాయించాడు. అనుమతి పోతే ఆ ఫ్లాటును కనిపెట్టుకుని ఉండే దశరథ్ పని పోతుంది. పనితో పాటు సెల్లార్‌లో అతను పడుకునే గదీ పోతుంది. యాభై దాటినవాణ్ణి మళ్లీ ఎవరు పెట్టుకుంటారు?

ఈ అనుమానం అతనికి పుట్టుకతో వచ్చింది కాదు. పటాన్‌చెరులో స్టీలు గిన్నెల ఫ్యాక్టరీలో చేసినన్నాళ్లూ, సాయంత్రం గేటు దగ్గర చేతులు పైకెత్తి నిలబడేవాడు. సెక్యూరిటీవాడు జేబులు తడిమి, టిఫిన్ డబ్బా మూత తీయించి, అడుగున మిగిలిన మెతుకులు కూడా కెలికేవాడు. అందులో ఏనాడూ ఒక్క చెంచా దొరకలేదు. అయినా ఏనాడూ చూడకుండా వదల్లేదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక దశరథ్ గేటుకు ఇటుపక్కకు వచ్చాడు. ఇప్పుడు అతను చూస్తాడు, మిగతావాళ్లు చూపించుకుంటారు. ఇందులో సుఖం లేదని ఎవరైనా అంటే అతను నమ్మడు.

ఆ ఉదయం ఆటో దిగిన ఇద్దరు ఆడవాళ్లను చూడగానే అతని కనుబొమలు ముడిపడ్డాయి. అక్క మాణెమ్మ, చెల్లెలు కౌసల్యమ్మ. రెండు రోజులకు ఫ్లాటు తీసుకున్నారు. కౌసల్యమ్మ మనవరాలు హర్షిణి ఫోన్లోనే బుక్ చేసింది. ఆధార్ కార్డుల్లో ఒకరిది భానూరు, ఇంకొకరిది కంది. అడుగు తీసి అడుగేస్తే వచ్చే ఊళ్లు. సెలవులకు గోవా పోతారు, తిరుపతి పోతారు. భానూరు నుంచి కిష్టారెడ్డిపేటకు ఎవరన్నా సెలవులకొస్తారా? సంచి విప్పమన్నాడు. బియ్యం, చింతపండు, ఎండుచేపలు, చుట్టిన చాప ఒకటి. మాణెమ్మ లిఫ్టు దాకా గోడ పట్టుకుని నడిచింది.

అలేఖ్యకు ఫోన్ చేశాడు. కార్డులు సరిగ్గా ఉన్నప్పుడు చుట్టుపక్కలవాళ్లను రావద్దనే రూలు ఎక్కడుందని ఆమె తిరిగి అడిగింది. రూలు లేని చోటే మోసం ఉంటుందని దశరథ్ మనసులో అనుకున్నాడు, పైకి సరే మేడమ్ అన్నాడు.

కచ్చితంగా ఇది భూమి పంచాయితీయే అని తేల్చుకున్నాడు. ఈ చుట్టుపక్కల గుంట భూమి కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కుతున్నారు. ముసలివాళ్లను ఎక్కడో దాచిపెట్టి వేలిముద్రలు వేయించుకోవడం కొత్త కాదు. బ్రోకర్ ఎవడో కారులో దిగుతాడని గేటు మీద నుంచి చూపు తిప్పకుండా కూర్చున్నాడు. ఎవడూ దిగలేదు. మధ్యాహ్నానికి మూడో అంతస్తు నుంచి చేపల పులుసు వాసన, దాంతో పాటు నవ్వులు. ఇద్దరు ముసలాళ్లు అంతగా నవ్వడమేమిటో అతనికి అర్థం కాలేదు.

రామలింగేశ్వరరావుకు ఆ వాసన తగిలింది. “ఎవరయ్యా పైన? కాపురానికి దిగినట్టున్నారే. ఓ కన్నేసి ఉంచు” అన్నాడు.

నీళ్ల క్యాన్ వంకతో దశరథ్ పైకి వెళ్లాడు. కౌసల్యమ్మ తలుపు తీసింది. ఆమె వెనక గదిలో పరుపు ఖాళీగా ఉంది. మాణెమ్మ హాల్లో చాప పరుచుకుని వెల్లకిలా పడుకుని ఉంది. ప్రాణం పోయే మనిషిని మంచం మీద ఉంచరు, నేలకు దింపుతారు. తన తల్లిని అతను తన చేతులతోనే అట్లా దింపాడు.

“కింద ఎందుకు పండవెట్టినవ్ అక్కా?”

“పరుపు మెత్తగుంది, నడుము గుంజుతుందన్నది. గచ్చు సల్లగుంది” అంది కౌసల్యమ్మ.

అతను నమ్మలేదు. గట్టు మీద మందుల కవరు చూసి రోగమేమిటని అడిగాడు. ఆమె ఏదీ దాచలేదు. దవాఖానాలో ఇక లాభం లేదన్నారు, ఏది తినాలంటే అది పెట్టమన్నారు. పెళ్లిళ్లయ్యాక అక్కాచెల్లెళ్లు పెళ్లికో చావుకో తప్ప ఒక ఇంట్లో పడుకున్నది లేదు. ఇప్పుడు భానూరులో అక్క మంచం చుట్టూ తెల్లారింది మొదలు వచ్చిపోయేవాళ్లే.

“సావకముందే ఏడుస్తున్రు తమ్మీ. ఎవ్వలు ఏడ్వని ఇల్లు ఒక్కటి గావాలన్నది అక్క.”

“ఇది కిరాయి ఇల్లు” అన్నాడు దశరథ్.

మాణెమ్మ కళ్లు తెరవకుండానే నవ్వింది. “ఇయ్యాల సావ తియ్ తమ్మీ. ఎల్లుండి పొద్దుగాల పోతం.”

అతను బయటికి వచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. తన భార్య యాదమ్మ దవాఖానాలో పోతే, శవాన్ని కిరాయి గదికి తెచ్చినప్పుడు ఇంటి ఓనరు గేటు తీయలేదు. పీనుగు దిగిన ఇంట్లో మళ్లీ ఎవరు దిగుతారన్నాడు. గల్లీలో టెంటు వేసి మురికినీళ్ల మోరీ పక్కన పడుకోబెట్టారు. బండ్ల దుమ్ము ఆమె మొహం మీద పడుతుంటే దశరథ్ తువ్వాలతో తుడుస్తూ కూర్చున్నాడు. ఆ ఓనరు గుర్తొస్తే ఇప్పటికీ అతనికి కడుపు మండుతుంది. ఇప్పుడు లేచి వెళ్లి, ఉండండి అక్కా, మీరు ఉండాలనుకున్నన్ని రోజులు ఉండండి అనాలి. కానీ సెల్లార్ గది గుర్తొచ్చింది, అందులో తన ట్రంకుపెట్టె, మడత మంచం గుర్తొచ్చాయి. సిగ్గేసింది. అయినా లేచి తలుపు కొట్టాడు.

“పొద్దుగూకక ముందే పోన్రి అక్కా. మేడమ్‌కు నేను చెప్త.”

కౌసల్యమ్మ అతని మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాడు. తిట్టకుండా గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. మాణెమ్మే చాప మీద లేచి కూర్చుని, “ఆయనదేం తప్పు చెల్లే, నౌకరి” అంది.

అతనే ఆటో పిలుచుకొచ్చాడు. మాణెమ్మను భుజం పట్టి ఎక్కించాడు. ఆటో మలుపు తిరగ్గానే ఊపిరి పీల్చుకుని, పైకి వెళ్లి తలుపుకు తాళం వేశాడు. గ్లాసులు వాసన చూడలేదు, పరుపు ఎత్తలేదు. లోపల అడుగు పెట్టాలనిపించలేదు.

“అప్పుడే వెళ్లిపోయారా?” అని రామలింగేశ్వరరావు గేటు దగ్గర ఆగాడు. జబ్బు మనిషని, తనే పంపించేశానని దశరథ్ చెప్పాడు. “మంచి పని చేశావు. నీకు బుర్ర ఉందయ్యా” అన్నాడాయన. ఇన్నేళ్లలో ఎవరూ అతన్ని మెచ్చుకోలేదు. ఇప్పుడు మెచ్చుకున్నా అతని మొహం వెలగలేదు.

దీపాలు పెట్టే వేళకు, మందుల ఫ్యాక్టరీల వాసన గాల్లో దిగుతుండగా, కౌసల్యమ్మ ఫోన్ చేసింది.

“అక్క పోయింది తమ్మీ. పటాన్‌చెరు దాటినంక, ఆటోల్నే. నా ఒళ్లె తలవెట్టుకొని పండింది, నిద్ర వోయిందనుకున్న. నువ్వు భయపడ్డట్టే అయింది.”

అందులో దెప్పు ఉందేమోనని అతను చెవి రిక్కించి విన్నాడు. లేదు. ఉంటే బాగుండుననిపించింది.

“ఒక్కటి మర్శిన. అక్క చీర బాల్కనీల ఉన్నది. నేను ఉతుకుతనంటే ఇనలే, ఇంట్ల ఎవ్వలు నన్ను ఏ పని ముట్టనిస్తలేరు, ఈడనన్న ఉతుక్కోనీ అన్నది. పిండ శాతగాలే. ఎండినంక తీసి పెట్టు.”

లిఫ్టులో పైకి పోతూ, తన అనుమానమే నిజమైంది కదా అని అతను తనకు తాను చెప్పుకున్నాడు. ఉండనిస్తే ఆ నేల మీదే పోయేది, తన పనీ పోయేది. లేక ఉండనిస్తే పోయేది కాదేమో, ఆ ఆటో కుదుపులకే పోయిందేమో. ఈ ఒక్క అనుమానం తీర్చడానికి లోకంలో ఎవరూ లేరని తెలిసి దశరథ్‌కు దుఃఖం ముంచుకొచ్చింది. చీకట్లోనే తాళం తీసి, లైటు వేయకుండా బాల్కనీ తలుపు తెరిచాడు.

తీగ మీద ఆకుపచ్చ నేత చీర బరువుగా వేలాడుతోంది, దాని అంచు నుంచి నీళ్లు ఇంకా ఒక్కో చుక్కే గచ్చు మీద పడుతున్నాయి.