ఉప్పు తాగే దుంప

"కూరలో ఉప్పెక్కువైతే ఏం చేస్తారండీ?"

గోడ గడియారం బాగు చేయించుకోడానికి వచ్చినావిడ ముందు గడియారం వంక చూసింది, తర్వాత అతని వంక చూసింది.

"ఇది గడియారాల కొట్టే కదా?"

"కొట్టేనండీ. ఊరికే అడిగా."

"పిండిముద్ద వెయ్యండి. కాసేపు ఉడికాక తీసి పారెయ్యండి. ఏం, మీ ఆవిడది ఉప్పు చెయ్యా?"

"మా ఆవిడ వండదు. ఆస్పత్రిలో నర్సు."

"మరింకెవరు?"

అతను కంటికి భూతద్దం తగిలించుకుని గడియారం వెనక మూత విప్పాడు. అద్దం పెట్టుకున్నవాణ్ణి ఎవరూ ప్రశ్నలు అడగరు. ఆ సౌకర్యం కోసమే చాలాసార్లు పెట్టుకుంటాడు.

వండేది అత్త. ఇల్లూ అత్తదే. వీధిగది సగం అతని కొట్టు, సగం భోజనాల బల్ల. ఎదురుగా బస్సుల షెడ్డు. అత్త భర్త బతికున్న రోజుల్లో అందులో డ్రైవరు. ఓసారి ఇద్దరు స్నేహితుల్ని భోజనానికి తీసుకొచ్చాడు. వాళ్ళు మర్నాడూ వచ్చారు. అలా మొదలైన బల్ల ఆయన పోయాక కూడా నడుస్తోంది. మధ్యాహ్నం అయ్యేసరికి షెడ్డువాళ్ళు చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంటారు. వాళ్ళకి ఆవిడ అత్తమ్మ, అతను గడియారాల అల్లుడు.

చలికాలంలో అత్తకి జ్వరం వచ్చింది. తగ్గింది. తగ్గాక ఒకరోజు అతను మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్తే పొయ్యి మీద పాలు మాడుతున్నాయి. అత్త ఆ పొయ్యికి వీపు పెట్టి ఉల్లిపాయలు తరుగుతోంది. వాసనకి అతని ముక్కు మండుతోంది గాని ఆవిడ వెనక్కి తిరగలేదు. అతను పొయ్యి ఆర్పి, గిన్నె నానబెట్టి, ఏమీ అనకుండా వచ్చేశాడు.

ఆ వారం నుంచే బల్ల మీద నీళ్ళ జగ్గు రెండోసారి నింపాల్సి వచ్చింది. వాసన పోయినవాళ్ళకి రుచీ సగం పోతుంది. ఆవిడ రుచి చూస్తుంది, చప్పగా ఉందనిపిస్తుంది, ఇంకో చిటికెడు వేస్తుంది.

"అత్తమ్మా, ఈ కూర సముద్రం మీదుగా వచ్చిందా?" అన్నాడు ఒక డ్రైవరు. అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది గాని, ఆ పూట తను అన్నం తినలేదు.

ఆ మాట అత్త కొడుకు చెవిన పడింది. ఆ షెడ్డులోనే టైమ్‌కీపరు. రెండు వీధుల అవతల ఉంటాడు. సాయంత్రం వచ్చి వీధిగదిలో నిలబడే మాట్లాడాడు.

"ఏళ్ళ తరబడి చేశావమ్మా, చాలు. ఒళ్ళు అలిసింది, పరధ్యానం వచ్చింది. ఇంకొక్క మాట నేను విన్నానంటే ఈ బల్ల ఎత్తించేస్తా. హాయిగా కూర్చో."

ప్రేమతోనే అన్నాడు. కాని హాయిగా కూర్చోవడమంటే ఏమిటో అల్లుడికి తెలుసు. అత్తకి ఒక అక్క ఉండేది. ఆవిడ కొడుకులు కూడా ప్రేమతోనే తల్లి చేతిలో గరిటె తీసుకుని, కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కొన్నాళ్ళు ఆవిడ ఇవాళ ఏం వండుతున్నారని అడిగేది. తర్వాత అడగడం మానేసింది. తర్వాత తినడం కూడా మానేసింది. అత్తని తీసుకుని అతనే చూడ్డానికి వెళ్ళేవాడు.

రాత్రి భార్యతో చెప్పాడు.

"జ్వరం తర్వాత కొందరికి అలా అవుతుంది," అందామె. "కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు. అమ్మకి చెప్పాలి."

"నువ్వు చెప్పు."

"నేను చెబితే కూతురు గరిటె లాక్కుంటోంది అంటుంది. నువ్వు చెప్పు."

"నేను చెబితే అల్లుడు వంటకి వంక పెట్టాడంటుంది."

పిల్లి మెడలో గంట కట్టేవాళ్ళు లేక ఆ మాట అక్కడే ఆగిపోయింది.

అతను వేరే దారి పట్టాడు. వంట ముగించి, వడ్డించేలోపు అత్త స్నానానికి వెళ్తుంది. ఆ కాస్త వ్యవధిలో అతను వంటింట్లోకి వెళ్ళి, రుచి చూసి, సరిచేసి వచ్చేవాడు. సరిచేసే విద్య కొట్టుకొచ్చినవాళ్ళు నేర్పారు. చేతి గడియారం తెచ్చిన మేస్టారు టమాటాలు వెయ్యమన్నాడు. అలారం తెచ్చిన ముసలాయన, కారం ఎక్కువైతే పాలు పోస్తే దిగుతుందని, పులుపు ఎక్కువైతే చిటికెడు పంచదార చాలని చెప్పాడు. అన్నం అడుగంటితే గోకకూడదు, పైది పైనే వేరే గిన్నెలోకి తీసి, దాని మీద రొట్టెముక్క పెట్టి మూత వేస్తే మాడు వాసన పోతుంది. అది నిజమే, చేసి చూశాడు.

బంగాళాదుంప సంగతి మాత్రం అందరూ చెప్పినంత గొప్పగా లేదు. పచ్చిదుంప ఉప్పు లాగేస్తుందంటారు. అది లాగేది ఉప్పుని కాదు, ఉప్పునీళ్ళని. అంచేత ముందు కూరలో నీళ్ళు పోసి, దుంపని తాగనిచ్చి, తర్వాత దుంపని తీసెయ్యాలి. పప్పుకి దుంప సరిపోదు. దానికి ఉప్పు లేకుండా ఉడికించిన పప్పు కలపడం ఒక్కటే మార్గం. అందుకని పొద్దున్నే కొంచెం ఉడికించి ఫ్లాస్కులో పోసి సొరుగులో దాచేవాడు. ఒకావిడ తన గడియారం ముల్లు కోసం వంగి చూసి, "ఈ ఫ్లాస్కు ఎవరిది, రిపేరుకొచ్చిందా?" అనడిగింది. "అవునండీ," అన్నాడు.

ఉడికిన దుంపలు పారెయ్యడానికి మనసొప్పక బల్ల వెనక కూర్చుని తనే తినేసేవాడు.

"కూర్చున్న చోట పొట్ట ఎందుకు పెరుగుతోంది నీకు?" అంది భార్య.

"కూర్చున్నాను కాబట్టే."

"నోరు చూపించు. దుంపల వాసన."

నర్సుల దగ్గర దాపరికాలు సాగవు. ఆమె అంతా విని, మందలించబోయి, మానేసి, మార్కెట్టుకి వెళ్ళినప్పుడు దుంపలు రెట్టింపు తెచ్చింది.

కూర కుదిరింది. జగ్గు ఒక్కసారి నింపితే చాలుతోంది. అయినా కొడుక్కి నమ్మకం కుదరలేదు.

"వాళ్ళు మొహమాటానికి బాగుందంటారు. రేపు నేనే వచ్చి తింటా. నా నాలుకతో నేనే తేల్చుకుంటా," అన్నాడు.

మర్నాడు చిక్కుడుగింజల కూర. అత్త పొద్దున్నే స్నానం చేసేసింది. వంట మొదలుపెట్టినప్పటి నుంచి పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. అతను నీళ్ళకని ఒకసారి, అగ్గిపెట్టెకని ఒకసారి, ఏమీ తోచక ఒకసారి వంటింట్లోకి వెళ్ళొచ్చాడు. "ఏమిటీ అల్లుడూ, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు?" అందావిడ. విప్పిన గడియారం విప్పినట్టే ఉంది.

కొడుకు అనుకున్నదానికంటే ముందే వచ్చి, గుమ్మంలోంచి అమ్మా అని పిలిచాడు. అత్త చెయ్యి తుడుచుకుంటూ వీధిగదిలోకి వచ్చింది. అతను వెనకనుంచి వంటింట్లోకి దూరాడు. మూత తీశాడు. కూర కుతకుతలాడుతోంది. రుచి చూడాలంటే గరిటెలోకి తీసి, ఊది, చల్లార్చాలి. గుమ్మం దగ్గర అత్త గొంతు దగ్గరవుతోంది. రోజూ ఎక్కువే కదా, ఇవాళ తక్కువెందుకవుతుంది అనుకున్నాడు. గ్లాసుడు నీళ్ళు పోశాడు, కోసి పెట్టుకున్న దుంప చెక్కలు గింజల అడుక్కి తోశాడు, మూత పెట్టి దొడ్డిదారిన కొట్టులోకొచ్చి కూర్చున్నాడు. ఏళ్ళుగా చేతికొచ్చిన ఏ గడియారాన్నీ ముందు చెవి దగ్గర పెట్టుకుని వినకుండా విప్పినవాడు కాదు.

అందరూ కూర్చున్నారు. అత్త వడ్డించింది. కొడుకు ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద నెమ్మదిగా నమిలాడు.

"ఇందులో ఉప్పే లేదు," అన్నాడు.

సముద్రం మాట అన్న డ్రైవరు తన కంచంలోకి చూసుకున్నాడు.

అత్త కొడుకు వంక చూడలేదు. గది అవతల భూతద్దం పెట్టుకుని కూర్చున్న అల్లుడి వంక చూసింది.

"వేశావా?"

"ఏమిటత్తయ్యా?"

"దుంప."

అతను అద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "వేశాను."

"నీళ్ళు?"

"ఒక గ్లాసు."

"ఖర్మ. నీ దుంపల బాధ పడలేక ఇవాళ నేనే ఉప్పు సగానికి సగం తగ్గించా."

డ్రైవరు పొలమారి నీళ్ళు తాగాడు. పక్కనున్న మెకానిక్ అతని నెత్తి మీద తడుతూ తనూ నవ్వాడు. కొడుక్కి మాత్రం ఏమీ అర్థం కాలేదు.

"నాకు చెప్పండి ఎవరైనా," అన్నాడు.

"తప్పు నాది బావా," అన్నాడు అల్లుడు. "రుచి చూడకుండా చెయ్యి పెట్టాను. అత్తయ్య వేసింది వేసినట్టు ఉంచుంటే సరిపోయేది."

"నువ్వుండు," అంది అత్త. కొడుకు పక్కన బల్ల చివర కూర్చుంది. ఆ బల్ల దగ్గర ఆవిడ కూర్చోవడం షెడ్డువాళ్ళు ఎప్పుడూ చూడలేదు. "జ్వరం వచ్చి వెళ్ళాక నాకు రుచి తెలియట్లేదురా. వాసనా తెలియట్లేదు. తెలియక పాలు మాడ్చాను, ఉప్పు గుమ్మరించాను. తర్వాత నా బుట్టలో దుంపలు తగ్గడం మొదలైంది. ఒకరోజు కూరలో చిన్న ముక్క మిగిలిపోయింది, నేను దుంపలు వెయ్యని కూరలో. అప్పుడు తెలిసింది ఇంట్లో ఇంకో వంటవాడు ఉన్నాడని."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే ఏమంటావో తెలుసు. మీ పెద్దమ్మకి వేసినట్టు కుర్చీ వేస్తావు."

కొడుకు కంచంలో వేళ్ళు ఆగిపోయాయి. పెద్దమ్మ ఊసు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"పరధ్యానం అనుకున్నా," అన్నాడు చివరికి. "అలిసిపోయావనుకున్నా."

"అలిసింది నాలుక. చెయ్యి కాదు."

టైమ్‌కీపరు ముందు మాట్లాడాలా వద్దా అని డ్రైవరు కాసేపు ఆలోచించాడు. "చప్పనిదానికి ఉప్పుంది సార్," అన్నాడు. "ఉప్పనిదానికే ఏమీ లేదు. గింజలైతే చక్కగా ఉడికాయి."

మెకానిక్ ఉప్పుడబ్బా ముందుకు తోశాడు. కొడుకు అందులోంచి చిటికెడు తీసి కూరలో కలుపుకున్నాడు. తిన్నాడు. డబ్బా పక్కవాడికి ఇచ్చాడు. కాసేపటికి కంచం తల్లి వైపు జరిపాడు.

"ఇంకొంచెం వెయ్యి. దుంపలు వద్దు."

చెయ్యి కడుక్కునేటప్పుడు తల్లిని అడిగాడు, "మరి రేపట్నుంచి రుచి ఎవరు చూస్తారు?"

"ఇన్నాళ్ళూ దొంగతనంగా చూసినవాడే," అందావిడ.

మర్నాడు అతను ఒక పాత జేబు గడియారంలో పన్ను విరిగిన చక్రాన్ని పట్టకారుతో పైకి తీస్తుండగా వంటింట్లోంచి పిలుపొచ్చింది. చక్రాన్ని కాగితం మీద పెట్టి, దాని మీద గ్లాసు బోర్లించి వెళ్ళాడు. అత్త గరిటెలో కూర తీసి, ఊది, చల్లార్చి అతని అరచేతిలో వేసింది. నాకి చూశాడు.

"ఇంకొంచెం పడుతుంది అత్తయ్యా."

"ఎంత?"

"చిటికెడు."

"ఎవరి చిటికెడు? నీదా, నాదా?"

అతను తన వేళ్ళ వంక చూసుకున్నాడు. "మీదే."

ఆవిడ డబ్బా మూత తీసింది. చిటికెడు వేసి కలియబెట్టి మళ్ళీ అరచేతిలో వేసింది. "అబద్ధం చెప్పకు. మొహమాటానికి బాగుందన్నావంటే నీకు గరిటె తిరగేసి పడుతుంది."

"సరిపోయింది."

"నిజంగానా?"

"నిజంగా."

అత్త తనూ గరిటె చివర నాలుకకి తాకించి చూసింది. ఏమీ తెలిసినట్టు లేదు. అయినా తల ఊపి మూత పెట్టేసింది.

"పో, పని చూసుకో. ఆ దుంపలు సాయంత్రం వేయిస్తా. తినాలనుంటే కంచంలో పెట్టుకుని తిను."