వదిన తిరిగి చేసిన ఫోను
మా వదినకి కుడి చెవి బొత్తిగా వినపడదు. ఎడమ పక్కన కూర్చుని చెబితే మామూలుగానే వింటుంది. ఆవిడ మా ఆయనకి అక్క. ఆయన పోయాక ఇద్దరం కలిసి ఈ టైలరింగ్ కొట్టు నడుపుతున్నాం. కత్తిరింపూ కుట్టూ నావి, హుక్కులూ కాజాలూ ఆవిడవి. నా మిషను ఆవిడ కుడి వైపే వేసుకున్నాను, కోపం వస్తే గొణుక్కోవడానికి వీలుగా ఉంటుందని. నాకు కోపం రోజూ వస్తుంది.

ముఖ్యంగా ఆవిడ ఫోను పద్ధతి చూస్తే ఒళ్లు మండేది. సెల్లులో మాటలు గజిబిజిగా ఉంటాయట. అందుకని ఎవరు చేసినా సరే, నేనే చేస్తానని పెట్టేస్తుంది. తర్వాత కళ్లజోడు తగిలించుకుని, తన దగ్గరున్న నంబరు వెతికి, కొట్టులోని పాత ల్యాండ్‌లైన్ నుంచి తీరిగ్గా చేస్తుంది. బట్టలు ఎప్పుడిస్తారని అడిగేవాళ్లకీ అదే మర్యాద.

ఇలా ఉండగా కొట్టు గది అమ్మేస్తానన్నాడు ఓనరు. మేం కొంటామంటే వచ్చే ఏడాది దాకా ఆగుతానన్నాడు. ఇద్దరి పేరు మీదా బ్యాంకులో వేసిన డిపాజిట్టుకి అప్పుడే గడువు తీరింది. దానికి ఇంకొంత కలిస్తే గది మాదవుతుంది, లేకపోతే మిషన్లు నెత్తిన పెట్టుకుని వీధులు పట్టుకు తిరగాలి. బ్యాంకు వడ్డీ చూస్తే నత్తనడక. ఒక మధ్యాహ్నం ఎక్కువ వడ్డీ ఎవరిస్తారా అని ఫోనులో వెతికాను. అన్నిటికన్నా పైన మా బ్యాంకు పేరే కనపడింది, పక్కన దాని గుర్తు కూడా ఉంది. వడ్డీ మాత్రం రెట్టింపు. నా పేరూ నంబరూ నింపానో లేదో ఫోను మోగింది.

ఆ అబ్బాయి గొంతులో తేనె కారింది. మాటకి ముందొక మేడం, వెనకొక మేడం. బ్యాంకు కొత్తగా పెట్టిన పథకమనీ, డబ్బుకి పూర్తి హామీ అనీ, సాయంత్రంతో మూసేస్తారనీ చెప్పాడు. ఇంత ముద్ర వేసిన పత్రం కూడా పంపాడు. నేను ఉబ్బితబ్బిబ్బయిపోయి, అతను చెప్పిన ఖాతాకి మొత్తం డబ్బు పంపడానికి సిద్ధమయ్యాను. కానీ ఓటీపీ వదిన ఫోనుకి వస్తుంది. సంగతి చెప్పి అంకెలు చదవమన్నాను. ఆవిడ చదవలేదు. నా ఫోను అందుకుంది.

"బాబూ, నాకు సరిగ్గా వినపడదు. బ్యాంకుకి నేనే చేస్తాలే," అని పెట్టేసింది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ పాసుపుస్తకం తీసి, అట్ట మీదున్న నంబరు చూసుకుంటూ ల్యాండ్‌లైన్ మీద ఒక్కో అంకె నొక్కసాగింది. అబ్బాయి మళ్లీ చేశాడు. పెద్దావిడ, చాదస్తం, ఏమీ అనుకోకు బాబూ అని బతిమాలుకున్నాను.

"ఆ ముసలిదానికి ఎందుకు చెప్పారు? ముందు ఆ ఫోను లాక్కోండి," అన్నాడు.

అంతకన్నా పెద్ద మాటలే ఆవిడ కుడి చెవికి నేను వినిపించాను. కానీ ముక్కూ మొహం తెలియనివాడు మా వదినని ఆ మాట అనేసరికి నాకు ఒళ్లు భగ్గుమంది. నీకు అమ్మ లేదా అని అడిగి పెట్టేశాను.

అప్పటికి వదినకి లైను కలిసింది. రిసీవరులోంచి బ్యాంకు అమ్మాయి మాట నాకూ వినపడుతోంది.

"అలాంటి పథకమే లేదండీ. మా పేరు పెట్టుకుని ఎవరో మోసం చేస్తున్నారు. డబ్బు పంపేశారా?"

వదిన నా వైపు చూసింది. లేదని తలూపాను.

కొట్టు మూసి ఇద్దరం బ్యాంకుకి పరిగెత్తాం. పాస్‌వర్డు మార్పించారు, పోలీసులకి ఫిర్యాదు ఎలా ఇవ్వాలో చెప్పారు. డిపాజిట్టులో పెద్దావిడ పేరు ముందు పెడితే వడ్డీ కాస్త ఎక్కువ వస్తుందని కూడా అక్కడే తెలిసింది. రెట్టింపు కాదు గానీ, నెలనెలా ఇంకో నాలుగు జతల బట్టలు ఎక్కువ కుట్టుకుంటే గదికి సరిపోతుంది.

మర్నాడు నా స్టూలు లాక్కుని ఆవిడ ఎడమ పక్కకి చేరాను. మెల్లిగానే అన్నాను.

"వదినా, మీరు లేకపోతే నిన్నటితో రోడ్డున పడేవాళ్లం. మీ మేలు మర్చిపోను."

ఆవిడ కాజా మీంచి తలెత్తలేదు.

"ఏమిటీ? వినపడలేదు."

ఇక తప్పక, ఉన్న గొంతంతా పెట్టి అదే మాట అరిచాను. ఎదురు కొట్లో ఇస్త్రీ చేస్తున్నతను పెట్టె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. దానికంత కేకలెందుకే, వీధంతా వింటోంది అని వదిన నన్నే కసిరింది. సరేనని మిషను దగ్గరికొచ్చి సూదిలో దారం ఎక్కిస్తుంటే అప్పుడు తట్టింది నాకు. ఇందాక నేను కూర్చున్నది ఆవిడకి వినపడే చెవి వైపు.