ఉప్పు పోయేదాకా

ఆర్మూర్ శివారులోని పచ్చళ్ల ఫ్యాక్టరీలో స్టీలు పైపు పగిలి, ఉప్పునీళ్లు పైపులు తోమే నాగవ్వ కళ్లలో కొట్టిన మూడో రోజు గేటుకు ఒక కాగితం అతికించారు. ఇనుప పీచుతో రుద్ది పైపు పాడుచేసినందుకు నాగవ్వను పనిలోంచి తీసేశారని అందులో ఉంది.

ఫిట్టర్ స్వామి దాన్ని రెండుసార్లు చదివాడు. రెండోసారి చదివింది తన పేరు లేదని రూఢి చేసుకోవడానికే. అందుకు తనకే సిగ్గనిపించింది.

పని దిగేముందు పైపులోకి మంచినీళ్లు వదిలి కడగడం అక్కడి రివాజు. చివరి కుళాయి దగ్గర నాగవ్వ ఒక చుక్క నాలుక మీద వేసుకునేది. "ఉప్పు వోయింది, ఇగ బంద్ వెట్టు కొడుకా" అనేదాకా స్వామి వాల్వు కట్టేవాడు కాదు. ఎండాకాలం బోరులో నీళ్లు తగ్గగానే కాంట్రాక్టర్ నరహరి కడగడం మాన్పించాడు.

"స్టీలుకు తుప్పేందిరా? నీళ్లు ఊకె వోతున్నయ్."

ఉప్పునీళ్లు నిలవుంటే స్టీలుకైనా లోపల సూదిమొనంత గుంటలు పడతాయని, అవే పైపును తొలిచేస్తాయని స్వామికి తెలుసు. తెలిసే రెండు నెలలు నోరెత్తలేదు.

మామిడికాయ కోసే షెడ్డులో ఆడవాళ్లు గుమిగూడారు. కళ్లకు గుడ్డ కట్టుకున్న నాగవ్వను రజిత చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"బయట రుద్దితె పైపు లోపల తుప్పెట్ల తింటది? చెప్పు స్వామన్నా," అంది రజిత. "వాల్వుతోని నోరు గూడ కట్టేసినవా?"

"మంచినీళ్లు బంద్ జేసింది నేనే," అన్నాడు స్వామి. "చెయ్యమన్నది నరహరి. అవ్వ వద్దన్నది. నేను ఇనలే."

"గిప్పుడు చెప్తున్నవా?" అంది రజిత.

"ఆన్నొక్కన్ని అంటవేందే?" అంది నాగవ్వ. "నీళ్లు బందయిన నాడు మనమందరం చూసినం. జల్ది ఇంటికి పోవచ్చని ఖుషీ అయినం."

ఇన్నాళ్లూ తన ఒక్కడిదే అనుకున్న సిగ్గు స్వామికి నలభై ముఖాల్లో కనిపించింది.

మర్నాడు ఉప్పునీళ్ల మోటారు ఎవరూ వెయ్యలేదు. అతుకేసిన పైపులోకి స్వామి మంచినీళ్ల వాల్వు తిప్పాడు. నాగవ్వ చుక్క నాలుకకు రాసుకుని, "ఉప్పుంది," అంది. తర్వాత రజిత కూడా అదే మాట అంది. తర్వాత వరసలో ఇంకొకరు. నరహరి అరిచి అరిచి పోలీసులకు ఫోన్ చేశాడు.

"ఎంతసేపమ్మా గీ కడుగుడు?" అన్నాడు ఎస్సై.

"గేటుకున్న కాగితం చింపేదాక ఉప్పు వోదు సారూ," అంది రజిత.

స్వామిని జీపెక్కించారు. అతని చెయ్యి వదిలిన వాల్వు మీద అప్పటికే రజిత చెయ్యి ఉంది. జీపు కదులుతుంటే నీళ్ల చప్పుడు ఆగలేదు. దానిమీదుగా నాగవ్వ గొంతు వినిపించింది.

"ఇంకా ఉప్పే ఉన్నది. నీళ్లు రానియ్యుండ్రి."