సున్నా గంటలు

అతని పని ప్రూఫులు దిద్దడం. న్యాయశాస్త్ర పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ఇరవై ఆరేళ్లుగా కామాలకూ చుక్కలకూ కాపలా కాస్తున్నాడు. కాగితం మీద నలకపడ్డా సరే, అది చుక్కా నలకా అని గోటితో గీకి చూడందే వదలడు. అతనికున్న ఒకే ఒక్క స్నేహితుడు పళ్ల డాక్టరు. ఆ డాక్టరు అతన్ని ‘అచ్చుతప్పూ’ అని పిలిచేవాడు.

“దిద్దేవాణ్ణి పట్టుకుని తప్పంటావేంరా?” అంటే, “పొద్దస్తమానం వాటితోనే కాపురం చేస్తున్నావుగా, ఇంటిపేరు మారదూ మరి!” అని పకపకా నవ్వేవాడు.

ఇద్దరినీ కలిపినవి పాటలు. ప్రూఫురీడరు ఒంటిగాడు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు, అందులో పెద్దగది మొత్తం పాటలకే. ఎదురుగోడకు నిలువెత్తు స్పీకర్లు రెండు, మధ్య బల్ల మీద నల్లటి డిజిటల్ ప్లేయరు. పాటను అంకెలుగా దాచుకుని, ఆ అంకెలను మళ్లీ ధ్వనిగా మార్చి వినిపించే యంత్రమది. ఆ గదిలో ధ్వని కుదురుగా అమిరే చోటు ఒక్కటే ఉంది, కిటికీకి నాలుగడుగుల ఇవతల, ఒక్క కుర్చీ పట్టేంత. కుర్చీ బెత్తెడు జరిగితే గాయని కూడా జరిగిపోతుంది. అందుకని ఆదివారం మధ్యాహ్నాలు వంతులేసుకునేవారు. ఒక పాటకు ఒకడు కుర్చీలో, రెండోవాడు పక్కన స్టూలు మీద. పాట అవగానే లేచి చోట్లు మార్చుకునేవారు. “విన్నావా?” అని ఒకడు, “విన్నాను” అని రెండోవాడు. పద్నాలుగేళ్లు అలాగే సాగింది.

అప్పుడొచ్చింది కొత్త కార్డు. అంకెలను ధ్వనిగా మార్చే పని పాతదానికన్నా ఎంతో నాజూగ్గా చేస్తుందని ప్లేయరు చేసిన కంపెనీ చెప్పింది. షాపు మనిషి వచ్చి, పాత కార్డు పక్కన ఖాళీగా ఉన్న అరలో దాన్ని బిగించి, మంచినీళ్లయినా తాగకుండా పరుగున వెళ్లిపోయాడు. ప్రూఫురీడరు మూడు రోజులు ఒక్కడే కూర్చుని విన్నాడు. తనకు అలవాటైన నోటుపుస్తకంలో మార్కులు వేశాడు. తీగవాద్యానికి ఎనిమిది, గొంతుకు తొమ్మిది, పాట మధ్య నిశ్శబ్దానికి తొమ్మిదిన్నర. ఆదివారం ఎప్పుడొస్తుందా అని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

ఆదివారం వచ్చింది. డాక్టరును ముందుగా కుర్చీలో కూర్చోబెట్టాడు.

“రెండో చరణానికి ముందు ఆవిడ ఊపిరి తీసుకుంటుంది చూడు. ఇన్నేళ్లూ మనకది వినపడనే లేదు!”

డాక్టరు పాటంతా కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

“నాకేం తేడా తెలీలేదురా.”

“మళ్లీ విను.”

విన్నాడు. “లేదు. అదే పాట, అదే పెట్టె.”

“రోజంతా పళ్లలో మిషను తిప్పేవాడికి చెవులేం మిగుల్తాయిలే!”

ఆ మాట నోరుజారింది. డాక్టరు ముఖం మాడిపోయింది.

“నా చెవులు నిక్షేపంలా ఉన్నాయి. నువ్వు వినేది పాట కాదు, అట్టపెట్టె మీద రాసింది. రేపు వాళ్లు ఖాళీ డబ్బా పంపినా ఆహా ఓహో అంటావు.”

మాటకు మాట పెరిగింది. డాక్టరు చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు. వాడే వస్తాడని వీడూ, వీడే పిలుస్తాడని వాడూ. అలా రెండేళ్లు ఇట్టే దొర్లిపోయాయి.

ఇప్పుడు కుర్చీ ఎప్పుడూ అతనిదే. లేవనక్కర్లేదు, చోటు మారనక్కర్లేదు. స్టూలు మీద పాత పేపర్లు పేరుకున్నాయి. మంచి చోటు వచ్చినప్పుడు “విన్నావా?” అనే మాట నాలుక చివరిదాకా వచ్చేది, మింగేసేవాడు. ఏదో వెలితిగా అనిపిస్తే అది ధ్వనిలో ఉందనుకునేవాడు. స్పీకర్ల తీగలు మార్చాడు, ప్లేయరు కింద రాతిపలక వేయించాడు, కిటికీకి మందపాటి తెర కట్టాడు. నిశ్శబ్దానికి పదికి పది మార్కులొచ్చాయి. శనివారం సాయంత్రం ప్రెస్సు నుంచి వచ్చింది మొదలు సోమవారం పొద్దున దాకా నోరు విప్పే పనే ఉండేది కాదు. సోమవారం గేటు దగ్గర వాచ్‌మన్‌కు నమస్కారం చెబితే తన గొంతు తనకే పరాయివాడి గొంతులా వినిపించేది.

ఒకరోజు ప్లేయరు ముందున్న చిన్న తెర మసకబారింది. బాగుచేయడానికి కంపెనీ నుంచి ఒక మెకానిక్ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, చలాకీ మనిషి. తెర మార్చి, యంత్రం లోపలి వివరాలన్నీ ఒక్కొక్కటే దాని మీద తెప్పించి చూస్తూ ఆగిపోయింది.

“కొత్త కార్డు పెట్టించుకుని వాడట్లేదేంటి సార్?”

“అదేంటమ్మా, రెండేళ్లుగా దాని మీదేగా వింటున్నా!”

“లేదండీ. ఇదిగో చూడండి.” తెర అతని వైపు తిప్పింది. పాత కార్డు వాడిన గంటలు ఆరువేల చిల్లర. దాని కింద కొత్త కార్డు. వాడిన గంటలు, సున్నా.

“వెనకాల చిన్న మీట ఉంటుంది సార్. బిగించినాయన దాన్ని తిప్పడం మర్చిపోయినట్టున్నాడు. ఇప్పుడు తిప్పేశాను. ఇక వినండి, తేడా మీకే తెలుస్తుంది!”

ఆమె నవ్వుతూ సంచీ సర్దుకుని వెళ్లింది. అతను వారం రోజులు ప్లేయరు జోలికి పోలేదు. రెండేళ్ల మార్కులన్నీ తిరగేశాడు. ప్రతి అంకె పొందిగ్గా, తన దస్తూరీలోనే ఉంది. తనకు తేడా వినిపించిన మాట అబద్ధం కాదు. కానీ అక్కడ తేడా లేదు. వినిపించలేదన్నవాడిదే నిజం.

పుస్తకం అచ్చయ్యాక తప్పు బయటపడితే తప్పొప్పుల పట్టిక వేయాలి. అది అతని వృత్తిధర్మం. శనివారం సెలవు పెట్టి డాక్టరు ఆసుపత్రికి వెళ్లాడు.

గదిలో బుగ్గలు పట్టుకున్నవాళ్లు నలుగురైదుగురు కూర్చున్నారు. బల్ల దగ్గర డాక్టరు భార్య తలెత్తి చూసింది.

“అన్నయ్యగారా! ఎన్నాళ్లకు! పన్ను నొప్పా?”

“కాదమ్మా. వాడితో ఒక మాట చెప్పి పోదామని.”

ఆమె లోపలికి వెళ్లింది. డాక్టరు చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డతో అలాగే వచ్చి, అతని రెక్క పట్టుకుని పనిముట్లు కడిగే గదిలోకి లాక్కుపోయాడు. అతను నోరు తెరిచేలోపే, “నువ్వాగు. ముందు నన్ను చెప్పనీ” అన్నాడు.

“చెప్పు.”

“ఆ రోజు నాకూ వినిపించిందిరా. మొదటిసారికే. ఆ ఊపిరి, పక్కనే ఎవరో నుంచుని తీసుకున్నట్టు. ఒళ్లు ఝల్లుమంది.”

“మరి లేదన్నావు?”

“కుళ్లు. మా ఇంట్లో ఉన్నది డొక్కు పెట్టె. అది విన్నాక ఇంటికెళ్లి నాది వినబుద్ధి కాదని తెలిసిపోయింది. ఓర్వలేక అనేశా. రెండేళ్లుగా పంటికింద రాయిలా ఉందనుకో. నీ చెవులే చెవులురా, తప్పు నాది.”

ముక్కుగుడ్డ పైన కళ్లు చెమర్చి ఉన్నాయి. ప్రూఫురీడరు ఒక్క వాక్యం చెబితే చాలు. కానీ ఆ వాక్యం చెబితే, ఇంత కష్టపడి బయటపెట్టుకున్న క్షమాపణ నవ్వులపాలవుతుంది. వాడికి వినిపించింది కూడా ఏమీ లేకుండా పోతుంది.

“ఇంతకీ నువ్వేదో చెప్పాలని వచ్చావుగా?”

“ఏం లేదురా. రేపు ఆదివారం కదా, రమ్మందామని.”

మర్నాడు స్టూలు మీద పేపర్లు తీసేశాడు. డాక్టరు కుర్చీలో కూర్చుని అదే పాట అడిగాడు. ఊపిరి దగ్గర చెయ్యెత్తి, “అదీ! అచ్చం ఆ రోజు విన్నదే. పిసరంత తేడా లేదు!” అన్నాడు.

ఆ రోజు పాడింది పాత కార్డు. ఇవాళ పాడుతున్నది కొత్తది.

తర్వాత వంతు ప్రూఫురీడరుది. కుర్చీలో కూర్చుని చెవులు రిక్కించాడు. ఊపిరి వినిపించింది. దగ్గరైందా, దూరమైందా? ఒకే మాటను అదేపనిగా చూస్తే సరైన అక్షరం కూడా తప్పులా కనబడుతుంది. తెలియలేదు.

“విన్నావా?” అన్నాడు డాక్టరు స్టూలు మీంచి.

“విన్నాను.”

అవతల మనిషి చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉన్నాడు. అయినా ఆ గది అతనికి అంత ఖాళీగా రెండేళ్లలో ఎన్నడూ అనిపించలేదు.

ఆదివారాలు మళ్లీ మొదలయ్యాయి. డాక్టరు తనూ అలాంటి కార్డే తెప్పించుకుంటానంటున్నాడు, “నువ్వొచ్చి విని చెప్పాలిరా” అంటాడు. “నీకు నచ్చితే చాలదూ” అంటాడు ప్రూఫురీడరు. ఏ పాట ఎలా ఉందన్నా, “నువ్వే చెప్పు” అంటాడు.

నిన్న డాక్టరు మెట్లు దిగుతూ ఫోనులో భార్యతో మాట్లాడటం మూడో అంతస్తుదాకా వినిపించింది. “వీడికి పొగరు బాగా తగ్గిందే. ఏమన్నా ఎదురు చెప్పట్లేదు. మంచివాడైపోయాడు.”

ప్రూఫురీడరు తలుపు గడియ పెట్టి, టీ కప్పులు రెండూ కడిగి బోర్లించాడు.