రన్‌వే చివర జపమాల

సమాధుల పండుగ నాడు గేటు తెరవలేదు.

కోబోస్ ఊరి జనం పొద్దున్నే వచ్చి కంచె ముందు నిలబడ్డారు. చేతుల్లో సున్నం బకెట్లు, కుంచెలు, కాగితం పూలు. కంచె లోపలున్న సమాధుల తోట ఏడాదంతా విదేశీ నౌకాదళానిది, ఈ ఒక్క రోజు మాత్రం తమ చచ్చినవాళ్లను చూసుకోనిచ్చేవాళ్లు. అందరికంటే ముందు క్రిసాంత నిలబడి ఉంది. పగలు ఆమె విమాన స్థావరం లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతుంది. సాయంత్రం ఏ ఇంట చావు జరిగినా వెళ్లి పూసలు తిప్పుతూ మరియమ్మ జపమాల చెప్పిస్తుంది. ఆమె ముందు సగం చెబితే జనం వెనక సగం అందుకుంటారు. ఆ తోటలో సముద్రం వైపు వరుసలో ఆమె కూతురు నీవెస్ ఉంది. నాలుగేళ్ల పిల్ల, జ్వరంలో పోయింది. క్రిసాంత ఆ చెక్క సిలువకు ఏటా సున్నం వేస్తుంది. కంచె తీగల్లోంచి చూస్తే ఈసారి ఆ సిలువ పక్కన ఎర్ర గుడ్డ కట్టిన మేకు కనపడింది. దాని వెనక పచ్చటి బుల్డోజర్ ఉంది.

ఒక అధికారి వచ్చాడు. పక్కన దుబాసీ బెనిగ్నో. చెరకు తోటల దొరకు మేనల్లుడు. అధికారి మాటలు అతను జనం భాషలో చెప్పాడు.

"జెట్ విమానాలు వస్తున్నాయి. రన్‌వే చాలదు, సముద్రం వైపు పొడిగిస్తారు. ఎముకలన్నీ తీసి పట్నం శ్మశానంలో పెడతారు. మర్యాదగానే పెడతారట."

"ఎవరివి ఎవరివో ఎట్టా తెలుస్తది బాబూ?" అని ఎవరో అరిచారు.

"విడివిడిగా కాదు. ఒకే చోట."

ముసలి పాస్క్వాల ముందుకు తోసుకొచ్చింది. "మా అత్తా తోటికోడలూ బతికున్నన్నాళ్లూ ఒక పొయ్యి మీద వండుకోలేదు. ఇప్పుడు ఒకే గోతిలో కుక్కుతారా? పుణ్యముంటది, ఆ తన్నులాట మా మీద పెట్టొద్దని చెప్పు నాయనా."

కొందరు నవ్వారు. క్రిసాంతకు నవ్వు రాలేదు. బకెట్లో సున్నం గట్టిపడిపోయే దాకా అక్కడే నిలబడింది.

ఆ గేటు దగ్గరే మొదలైన అన్యాయం కాదు ఇది. యుద్ధం రోజుల్లో నీటి మీద దిగే విమానాలు అఖాతంలోకి వచ్చినప్పుడు ఊరు దొర భూమిలో ఉండేది. భూమికి డబ్బు దొర పుచ్చుకున్నాడు, జనానికి రోడ్డు చూపించారు. గుడిసెలకు గొలుసులు కట్టి బుల్డోజర్లతో లాగేశారు. హిలారియో ముసలాడి ఇంటిని పొయ్యి మీద కుండతో సహా లాగారు. బతకడానికి మరో దారి లేక ఆ జనమే మళ్లీ వచ్చి, తమ ఇళ్లు ఉన్న చోట తామే కాంక్రీటు పోశారు. తర్వాత షెడ్లొచ్చాయి, చమురు ట్యాంకులొచ్చాయి, కంచె ప్రతిసారీ కొంచెం సముద్రం వైపు జరిగింది. బతికున్నవాళ్లందరూ జరిగిపోయారు. జరగకుండా మిగిలింది చచ్చినవాళ్లే.

ఆ సాయంత్రమే వలలు బాగుచేసుకునే పాకలో జనం చేరారు. రేవు కార్మికుల సంఘం మనిషి ఎలిసేవో లేచాడు. దేవుణ్ణీ దొరనూ ఒకే గాటన కట్టే మనిషి.

"స్థావరంలో పనిచేసే ప్రతి చెయ్యీ మనదే. ఉతికేదెవరు? వండేదెవరు? కాంక్రీటు పోసేదెవరు? రేపట్నించి అందరం మానేద్దాం."

"మానేసి?" వంటశాలలో పనిచేసే ఒకతను గయ్యిమన్నాడు. "మా పిల్లలకు నీ ఉపన్యాసం ఉడకేసి పెట్టమంటావా? గేటు బయట నిలబడ్డవాళ్లను పిలుస్తారు, మన పని వాళ్లకిస్తారు. అంతే."

"ఇట్టా భయపడే ఇళ్లు పోగొట్టుకున్నారు."

"నువ్వప్పుడు ఎక్కడున్నావురా? పట్నంలో కాఫీ తాగుతున్నావా?"

మాటా మాటా పెరిగింది. బల్ల మీద పడుకున్న హిలారియో దగ్గు ఆగాక గొంతు సవరించుకున్నాడు. అతని ఊపిరితిత్తుల్లో ఇక ఏమీ మిగల్లేదని ఊరందరికీ తెలుసు.

"ఒరే ఎలిసేవో. కొత్త గోతిని అయిదేళ్ల దాకా తవ్వకూడదు, అంతేనా?"

"అవును తాతా. అది చట్టం."

"నేనెటూ ఈ నెల దాటను. నన్ను మా ఆవిడ పక్కన పూడ్చండి. అయిదేళ్లు కాపలా కాస్తా. జీతం గీతం అడగనులే."

పాస్క్వాల ముక్కు తుడుచుకుని, "అయిదేళ్లయ్యాక నేనున్నాగా," అంది.

"చావుల మీద పోరాటం కడతామా?" ఎలిసేవో తల పట్టుకున్నాడు. "బతికున్నవాళ్లేం చేస్తారు?"

అప్పుడు క్రిసాంత నోరు విప్పింది. లాండ్రీ పని పోతే ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ భయం గొంతులో తెలుస్తూనే ఉంది. "పూడ్చి వచ్చేస్తే తెల్లారేసరికి తవ్వి పారేస్తారు. చట్టం మన వైపు ఉంటే వాళ్లకు కళ్లు కనపడవు. మనం పక్కనే ఉండాలి. తాతకు తొమ్మిది రోజుల జపం ఉందిగా. అది అక్కడే చేద్దాం."

"జపాలకు బుల్డోజర్లు ఆగుతాయా అక్కా?" అన్నాడు ఎలిసేవో. " మొదలూ చావే, చివరా చావే మీ జపంలో."

"చావుకు ముందు ఇంకో మాట ఉంది, నువ్వెప్పుడన్నా చెవి పెడితే కదా. 'ఇప్పుడూ, మా చావు ఘడియలోనూ' అంటాం. ముందు ఇప్పుడు. ఆ తర్వాతే చావు."



తవ్వకాలు మొదలవక ముందే హిలారియో కన్నుమూసి మాట నిలబెట్టుకున్నాడు. గేటు గుండా పోనివ్వరని తెలిసి, శవపెట్టెను అతని పడవలోనే ఎక్కించారు. సముద్రానికి కంచె లేదు. ముందు పడవలో ఒకడు శంఖం ఊదుతుంటే వెనక ఊరి పడవలన్నీ బయల్దేరాయి. రన్‌వే చివర, సమాధుల తోట ఒడ్డున దిగి, పట్టపగలు, అందరూ చూస్తుండగా అతని ఆవిడ పక్కన గొయ్యి తవ్వి పూడ్చారు. క్రిసాంత కొంగున దాచి తెచ్చిన కుంచె తీసి నీవెస్ సిలువకు సున్నం వేసింది. పక్కనున్న ఎర్ర గుడ్డ మేకును పీకి సముద్రంలోకి విసిరేసింది.

జీపు వచ్చింది. అధికారి కేకలేశాడు. బెనిగ్నో తర్జుమా చేశాడు. "ఇది నేరమట. వెంటనే వెళ్లిపోవాలట."

"చచ్చిన మనిషికి ప్రార్థన చెయ్యనివ్వరా అని అడుగు," అంది క్రిసాంత.

అధికారి టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. శవం ముందు మరీ మొండిగా ఉండటానికి అతనికీ మొహం చెల్లలేదు.

"సరేనట. ప్రార్థన పూర్తయ్యేదాకా ఉండొచ్చట. పూర్తి కాగానే పోవాలట."

క్రిసాంత బెనిగ్నో కళ్లలోకి చూసింది. ఆ దీవిలో పుట్టినవాడికి జపం ఎన్ని రోజులో తెలియకుండా ఉండదు. అతణ్ణి ఎత్తుకు పెంచిన ఆయా ఆ సమాధుల తోటలోనే ఉంది.

"పూర్తయ్యేదాకా అన్నాడా?"

"అవును," బెనిగ్నో కళ్లు దించుకున్నాడు. "పూర్తయ్యేదాకా."

"అందరూ విన్నారుగా!"

పాస్క్వాల నవ్వు వినపడకుండా రుమాలు నోట్లో కుక్కుకుంది.

పొద్దు వాలేసరికి మొదటి రోజు జపం ముగిసింది. జనం లేచి వెళ్లలేదు. తెరచాపలు విప్పి నీడ కట్టారు, రాళ్లు పేర్చి ఉప్పు చేప, దుంపలు ఉడకేశారు. అధికారి పరుగున వచ్చాడు. ఇంకా ఎనిమిది రోజుల జపం ఉందని క్రిసాంత నెమ్మదిగా చెప్పింది. అతని మొహం కందగడ్డయింది. బెనిగ్నో మీద పడి అరిచాడు. "మీరన్న మాటే నేను చెప్పాను," అన్నాడు బెనిగ్నో. మర్నాటి నుంచి అతను పనిలో కనపడలేదు.

రన్‌వే కొసన ఇంత జనం ఉండగా విమానాలు దిగలేవు. రావాల్సినవి వేరే దీవికి పోయాయి. స్థావరంవాళ్లు మంచినీళ్లు ఆపేశారు, పడవలు నీళ్లు మోశాయి. క్రిసాంతను పనిలోంచి తీసేశామన్న కబురు వచ్చిన రోజు లాండ్రీ ఆడవాళ్లు ఇస్త్రీ పెట్టెలు వదిలేసి, నురగ చేతులతోనే వచ్చి కూర్చున్నారు. వాళ్ల వెనక వంటశాల. వాళ్ల వెనక కాంక్రీటు కూలీలు. పాకలో గయ్యిమన్న వంటవాడు రొట్టెల బుట్ట తెచ్చి, "మాడిపోయినవిలే, ఎవరూ అడగరు," అన్నాడు. ఒక్కటీ మాడలేదు.

ఎలిసేవో మొదట దూరంగా టోపీ పెట్టుకుని చుట్ట కాలుస్తూ కూర్చునేవాడు. తర్వాత చుట్ట ఆరింది, టోపీ ఒడిలోకి వచ్చింది. జనం అందుకునే వెనక సగంలో అతని గొంతూ వినపడసాగింది. క్రిసాంత చూసీ చూడనట్టు ఊరుకుంది.

చివరి రోజు ట్రక్కులొచ్చాయి. తుపాకులు పట్టుకున్న సైనికులు, వాళ్ల వెనక బుల్డోజర్. క్రిసాంత జపం ఆపలేదు. "వరప్రసాదంతో నిండిన మరియమ్మా" అని ముందు సగం చెబుతుండగానే ఇద్దరు ఆమె రెక్కలు పట్టి ఈడ్చారు. పూసల దండ తెగి ఇసకలో పడింది.

జపం ఆగిపోయింది. ఇన్నేళ్లూ ముందు సగం తనే చెప్పింది, జనానికి వెనక సగమే అలవాటు. తనను తీసుకుపోతే ఇంతటితో సరి. నీవెస్ సిలువ మీద సున్నం ఇంకా తెల్లగానే ఉంది. దాన్ని తలుచుకుని ఆమె ఏడ్చింది.

ట్రక్కులో పడేశారు. వెనక గుడ్డ తెర దించేశారు. చీకట్లో కూర్చుని వింటోంది. ఒక గొంతు లేచింది, బొంగురుగా, తప్పుల తడకగా. ఎలిసేవో! ముందు సగం చెబుతున్నాడు. సగంలోనే ఆ గొంతు కేకగా మారింది. కాసేపటికి అతన్నీ ట్రక్కులోకి విసిరారు, మూతి పగిలి ఉంది. బయట పాస్క్వాల అందుకుంది. ఆమెనూ తెచ్చారు. వంటవాడు అందుకున్నాడు, అతన్నీ తెచ్చారు.

బుల్డోజర్ చప్పుడు దగ్గరికొచ్చింది. వచ్చి, ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఎక్కు! బండెక్కరా!" ఎవరో అరుస్తున్నారు.

"ఎక్కను దొరా. మా నాయన ఇక్కడే ఉన్నాడు." ఆ డ్రైవరూ కోబోస్‌వాడే.

ఆ తర్వాత లేచింది ఒక గొంతు కాదు. ఒడ్డు మీద ఉన్నవాళ్లందరూ ఒక్కసారిగా ముందు సగం చెప్పారు. లాగెయ్యడానికి అందులో మొదటి మనిషి ఎవరో సైనికులకు తెలియలేదు. అందరూ ముందు సగమే చెప్పెయ్యడంతో వెనక సగం అందుకోవడానికి బయట ఎవరూ మిగల్లేదు.

క్రిసాంత కళ్లు తుడుచుకుంది. పక్కన ఎలిసేవో పగిలిన మూతితో ఆమె వైపే చూస్తున్నాడు.

"మనమే చెప్పాలి అక్కా," అన్నాడు.

ట్రక్కు కదిలింది. జీవితంలో మొదటిసారి ఆమె వెనక సగం అందుకుంది. ట్రక్కులో ఉన్నవాళ్లందరూ గొంతు కలిపారు. "పరిశుద్ధ మరియమ్మా, మా కోసం వేడుకో," అని, ఆ తర్వాతి మాట దగ్గర అందరూ ఒక్కసారే అరచేతులతో ట్రక్కు రేకు మీద చరిచారు.

"ఇప్పుడు!"