పసుపు గుడ్డ పరీక్ష

చోడవరం హైస్కూలులో సైన్సు చెప్పే లక్ష్మీనరసింహం మేస్టారి తరగతికి ఆ రోజు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. లేబొరేటరీ లేని బడికి సైన్సు తరగతి ఎందుకని పైవాళ్ళు అడుగుతున్నారట. ఎత్తేస్తే మగపిల్లలు అనకాపల్లి పోయి చదువుకుంటారు, ఆడపిల్లల్ని పంపేదెవరు? అందుకే ఆయన, తప్పని తెలిసీ, నెల్లాళ్ళు వల్లె వేయించాడు: ఆమ్లంలో నీలి లిట్మస్ ఎర్రబడును, క్షారంలో ఎర్ర లిట్మస్ నీలమగును. ఆ కాగితం మొహం మాత్రం బడిలో ఒక్కరూ ఎరగరు.

పిల్లలు చిలకల్లా అప్పజెప్పారు.

"బాగుంది. లిట్మస్ చూసినవాళ్ళు చెయ్యెత్తండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పైడితల్లి లేచింది. బెల్లం వండే బంగార్రాజు కూతురు, మొహమాటం తెలీని పిల్ల.

"ఎవులం సూడ్నేదండి. గానీ నాకాడ పసుపు అద్దిన గుడ్డ ఉందండి."

"అదెందుకు?"

"సెరుకు రసం పుల్లగుంటాదండి. ఆ పులుపు సావడానికి మా అయ్య సున్నం ఏస్తాడు. ఎక్కువైతే బెల్లం నల్లబడిపోద్ది. మేస్టారు క్షారం పాఠం సెప్పినకాడ్నుంచి గుడ్డ ముంచి సూస్తన్నాను. ఎర్రబడిందంటే సున్నం ఎక్కువైనట్టే."

బంట్రోతు పరదేశి తాంబూలం సంచీలోంచి సున్నం వచ్చింది. వెనక బెంచీ వాళ్ళ జేబుల్లో చింతకాయలకు కొదవేముంది! సున్నపు నీళ్ళు పడగానే గుడ్డ ఎర్రబడింది. చింతకాయ పిండగానే మళ్ళీ పసుపైంది. ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేచి వచ్చి మూడుసార్లు తన చేత్తోనే చేసి చూశాడు.

"ఇది మీరు నేర్పిందేనా మేస్టారూ?"

అవునంటే గండం గడిచేది. కానీ నోరు రాలేదు.

"కాదండీ. నేను వల్లె వేయించాను. ఇది ఆ పిల్ల సొంతం."

ఇన్‌స్పెక్టరు తనిఖీ పుస్తకంలో రాసి, పైకి చదివాడు: "సైన్సు తరగతి కొనసాగవలెను."

సాయంత్రం మేస్టారు తరగతినంతా వెంటేసుకుని బంగార్రాజు బెల్లం పాకకు వెళ్ళాడు. బంగార్రాజు పెనం దగ్గర్నుంచి గాభరాగా లేచాడు.

"ఏటి బాబూ, మా గుంట ఏటైనా తప్పు సేసిందా?"

"తప్పు చేసింది నేను. మీ గుంట బడిని నిలబెట్టింది. ఇరవయ్యేళ్ళ నౌకరీలో ఇంత గర్వం నేనెన్నడూ ఎరగను" అన్నాడు మేస్టారు. పిల్లలతోపాటు ఆయనా నేలమీద చతికిలబడ్డాడు. "సున్నం ఎప్పుడెయ్యాలో, ఎంతెయ్యాలో మాకు చెప్పు బంగార్రాజూ."

బడి గడప తొక్కని బంగార్రాజు కూతురి వైపు ఒకసారి చూసుకుని, గొంతు సవరించుకుని, పాఠం మొదలెట్టాడు.